చుక్కలు కదలవు, గీతలు కదలును



సంక్రాంతినెలలో చుక్కలముగ్గు పెట్టని వాకిలి మన ప్రాంతమున అరుదు. మొదట చుక్కలు పెట్టుదుము. పిదప వానిని గీతలతో కలుపుదుము. చుక్కలు అవే యైనను ఒకామె తామరపువ్వును దీర్చును, ఒకామె రథమును దీర్చును, మఱియొకామె నాగబంధమును దీర్చును. వీధిని పోవువారికి కనబడునది పువ్వో, రథమో గాని చుక్కలు కావు. ఇది మన మందఱము చిన్ననాటినుండి ఎఱిగిన సంగతియే. అయితే ఈ విద్యతోనే ఎన్నికలు గెలువవచ్చుననియు, ఓడింపవచ్చుననియు నాకు మొన్నటివరకు తోచలేదు.

పండుగకు మైపాడు దాపున నున్న మా వదినెగారి యింటికి పోయి యుంటిని. సాయంకాలము సముద్రపుగాలికి అరుగుమీద కూర్చుండి యుండగా, కాలేజీలో చదువుచున్న ఆమె మనుమరాలు తన సెల్‌ఫోనులో ఒక యానిమేషను చిత్రమును, అనగా గీసిన బొమ్మలను కదలించి చూపు చిత్రమును, మాకు చూపినది. తెల్లని తెఱమీద రెండు రంగుల చుక్కలు వరుసలు దీర్చి నిలిచినవి. వానిచుట్టు ఒక నల్లని గీత పామువలె ప్రాకి అయిదు గళ్లు కట్టినది. ఒక రంగువారు గెలిచిరి. గీత కరగిపోయి మఱొక త్రోవను ప్రాకినది. రెండవ రంగువారు గెలిచిరి. ఒక్క చుక్కయైనను తన చోటు విడువలేదు.

మా వదినెగారు కండ్లజోడు సవరించుకొని, "ఏమే అమ్మాయీ! ఓటు వేసినవారు వారే గదా, వేసిన ఓట్లు అవే గదా, మఱి గెలిచినవా రెట్లు మాఱిరే?" అని అడిగిరి.

"గీత మాఱినది గదా, అవ్వా!" అని ఆ పిల్ల నవ్వినది.

ఆ నవ్వులో ఎంత రాజకీయము ఇమిడి యున్నదో విప్పి చెప్పుటయే ఈ వ్యాసముయొక్క పని. పుస్తకము చదివి తెలిసికొనుటకంటె చేతితో చేసి తెలిసికొనుట మనకు సుళువు. కావున ముందుగా వాకిటిలోనికి పోవుదము.

వాకిటిలో ఎన్నిక

అయిదు వరుసలు, వరుసకు అయిదు చొప్పున 25 చుక్కలు పెట్టుడు. ప్రతి వరుసయందును ఎడమవైపు మూడు చుక్కలు పసుపుతోను, కుడివైపు రెండు చుక్కలు కుంకుమతోను పెట్టుడు. మొత్తము పసుపుచుక్కలు 15, కుంకుమచుక్కలు 10. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క ఇల్లనుకొనుడు. ఈ గ్రామము అయిదుగురు సభ్యులను పంపవలయును. అయిదేసి యిండ్ల కొక సభ్యుడు. ఏ గుంపునందు ఏ రంగు ఎక్కువగా నున్నదో ఆ రంగువాడు గెలుచును. గుంపులోని చుక్కలు ఒకదాని ప్రక్క నొకటి ఆనుకొని యుండవలయును. నియమ మింతే.

మొదట గీతలను నిలువుగా గీయుడు. మూడు నిలువువరుసలు పూర్తిగా పసుపు, రెండు పూర్తిగా కుంకుమ. పసుపువారికి 3 స్థానములు, కుంకుమవారికి 2 స్థానములు. ఇండ్ల లెక్కకును స్థానముల లెక్కకును సరిగా కుదిరినది. ఎవ్వరికిని ఫిర్యాదు లేదు.

ఇప్పు డా గీతలను చెఱిపి అడ్డముగా గీయుడు. ప్రతి వరుసయందును పసుపు 3, కుంకుమ 2. అయిదు స్థానములును పసుపువారికే పోయినవి. పదియిండ్లవారికి మాటాడుట కొక్క సభ్యుడైనను లేకపోయెను.

ఇక మూడవ విధము కొంచెము నేర్పుతో గీయవలసినది. మొదటి వరుసయందు ఎడమకొన చుక్కను విడిచి తక్కిన నాలుగింటిని, వానితోపాటు రెండవ వరుస కుడికొన చుక్కను కలిపి ఒక గుంపు కట్టుడు. రెండవ వరుసలోని మూడవ, నాలుగవ చుక్కలను, మూడవ వరుసలోని కడపటి మూడింటిని కలిపి రెండవ గుంపు కట్టుడు. నాలుగవ వరుసయందు ఎడమకొనను విడిచి తక్కిన నాలుగు, అయిదవ వరుస కుడికొన ఒకటి, ఇది మూడవ గుంపు. అయిదవ వరుసలో మిగిలిన నాలుగు, నాలుగవ వరుస ఎడమకొన ఒకటి, ఇది నాలుగవ గుంపు. పైని ఎడమమూల మిగిలిన అయిదును అయిదవ గుంపు. ఇప్పుడు లెక్కింపుడు. మొదటి మూడు గుంపులయందును కుంకుమ 3, పసుపు 2. పదియిండ్లవారికి మూడు స్థానములు, పదునైదిండ్లవారికి రెండే స్థానములు!

ఒక్క ఇల్లు కదలలేదు. ఒక్క మనసు మాఱలేదు. గీత గీసినవాని వ్రేలొక్కటియే కదలినది.

ఈ మూడవ ముగ్గులో రెండు తంత్రములున్నవి. మొదటిది కూరుట. పైమూలనున్న అయిదు పసుపుచుక్కలను ఒకే గుంపులో కూరితిమి. గెలుచుటకు మూడు చాలును. తక్కిన రెండును, నిండిన జాడీలో ఇంకను కూరిన ఊరగాయవలె, పొరలిపోయినవి. రెండవది చీల్చుట. ఆఱు పసుపుచుక్కలను రెండేసిగా మూడు గుంపులకు పంచితిమి. అవి ఎక్కడను నెగ్గలేదు. పెద్దనోటును చిల్లరచేసి పదిమంది చేతులలో పెట్టినచో ఎవరి చేతిలోని డబ్బుకును చీర రాదుగదా, అట్లే. ప్రపంచమున ఏ దేశమందైనను ఎల్లలు మార్చి ఎన్నిక నెగ్గు విద్య అంతయు ఈ రెండుమాటలలోనే యున్నది: ఎదుటివారిని కొన్నిచోట్ల కూరుట, తక్కినచోట్ల చీల్చుట.

బల్లిబొమ్మ కథ

ఈ విద్యకు పేరుపెట్టినది కూడ ఒక బొమ్మయే. 1812 వ సంవత్సరమున అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రమునకు ఎల్‌బ్రిడ్జి గెర్రీ అను నాతడు గవర్నరుగా నుండెను. తన పక్షమునకు అనుకూలముగ సెనేటు నియోజకవర్గముల ఎల్లలను మార్చిన చట్టముమీద అతడు సంతకము చేసెను. అందొక నియోజకవర్గము రాష్ట్రపటముమీద మెలికలు తిరిగి యుండెను. ఆ యేడు మార్చి 26 వ తేదీని బోస్టను గెజెట్ అను పత్రిక దానికి రెక్కలను, గోళ్లను, కోఱలను తగిలించి ఒక వికారపు జంతువుగా అచ్చువేసినది. సాలమాండరు అనునది బల్లిని పోలిన జంతువు. దానికి గవర్నరుగారి పేరు జోడించి జెర్రీమాండరు అనిరి. ఆనాటినుండి ఈ పనికి జెర్రీమాండరింగు అను పేరు స్థిరపడినది.

గీతలు తమ పని తాము చేసినవి. ఆ యేటి ఎన్నికలలో గెర్రీ పక్షమువారికి ఓట్లు తక్కువగా వచ్చినను 40 సెనేటు స్థానములలో 29 స్థానములు దక్కినవి. గవర్నరు పదవికి మాత్రము రాష్ట్రమంతయు ఒకే గుంపు. అందు గీయుటకు గీత లేదు. గెర్రీగారు ఆ పదవి నోడిపోయిరి. గీతయొక్క బలమెంతయో చూపుటకు ఇంతకంటె వేఱు సాక్ష్య మక్కఱలేదు.

రెండువందల ఏండ్లు గడచినను ఆ దేశమున ఈ వ్యవహారము తెమలలేదు. అచ్చట పెక్కు రాష్ట్రములయందు ఎల్లలను గీయునది శాసనసభలోని సభ్యులే, అనగా రేపు ఆ గీతలమధ్య పోటీచేయబోవువారే. పక్షప్రయోజనమునకై గీసిన గీతలను సరిచేయుట తమ పని కాదని ఆ దేశపు సుప్రీముకోర్టు 2019 లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపును, నలుగురు మఱొకవైపును నిలిచి తీర్పు చెప్పినది.

బొమ్మ ఎందుకు కదలవలయును?

1812 నాటి బొమ్మ నిలిచియున్న బొమ్మ. అది గీసిన గీత వికారముగ నున్నదని చూపగలదు గాని, గీత కదలినప్పుడు ఫలితము ఎట్లు కదలునో చూపలేదు. "ముందు ఇట్లుండెను, తరువాత ఇట్లయ్యెను" అనుటకు రెండు బొమ్మలు కావలయును. ఆ రెంటి నడుమ జరిగినదేమో కన్ను పట్టుకొనుటకు నూఱుబొమ్మలు కావలయును. యానిమేషను చేయున దదియే. కొంచెము కొంచెము భేదముతో గీసిన బొమ్మలను సెకండునకు 24 చొప్పున చూపినచో మన కన్ను వానిని విడివిడిగా చూడజాలక ఒక్క కదలికగా కలుపుకొనును. 1908 లో ఎమీల్ కోల్ అను ఫ్రెంచివాడు సుమారు 700 బొమ్మలు గీసి రెండు నిమిషములకు లోబడిన చిత్రమును చేసెను. ఇప్పుడు ఆ శ్రమ చాలవఱకు కంప్యూటరు చేయుచున్నది.

2011 లో సి. జి. పి. గ్రే అను నాతడు యూట్యూబునందు ఈ విషయమునే జంతువుల కథగా చెప్పెను. సింహము రాణి, అడవికొక సభ, జంతువులు ఓటర్లు. పంచతంత్రము విని పెరిగిన మన బిడ్డలకు ఇది వింతగా తోచదు. మన దేశమునను 1974 లో ఫిల్ముల విభాగమువారు "ఏక్ అనేక్ ఔర్ ఏకతా" అను చిన్న బొమ్మలచిత్రమును తీసిరి. ఐకమత్యమనగా నేమో దూరదర్శనములో దానిని చూచి తెలిసికొన్న పిల్లలు లక్షలమంది.

అంతకంటె మన కెంతయో ముందునుండి తెలిసిన కదలుబొమ్మలు వేఱే యున్నవి. నెల్లూరుసీమలో తోలుబొమ్మలాట ఎఱుగని ఇంట పెద్దలుండరు. తెల్లనిబట్ట కట్టి, వెనుక దీపము పెట్టి, పలుచని తోలుబొమ్మలను బట్టకు ఆనించి ఆడించుచు రామాయణమును తెల్లవార్లు చూపెడివారు. నడుమ కేతిగాడును బంగారక్కయు వచ్చి ఊరిపెద్దల లోపములను ఎత్తి పొడిచెడివారు. రాజుమీద చెప్పరాని మాటను బొమ్మనోట చెప్పించుట మన పాత పద్ధతియే. 1926 లో లోటె రైనిగరు అను జర్మను స్త్రీ కత్తెరతో నల్లకాగితపు బొమ్మలను కత్తిరించి, వానిని వెలుతురుమీద కదలించి, నిండు నిడివిగల నీడబొమ్మల చిత్రమును తీసినది. ఆ విద్యకును మన తోలుబొమ్మకును దగ్గఱి చుట్టఱికమున్నదని చూచినవారెల్ల ఒప్పుకొందురు.

అయితే ఒక హెచ్చరిక. బొమ్మలో చుక్కకు ఒకే రంగు, అది మాఱదు. మనుష్యులు అట్లు కారు. నిన్న ఒకరికి ఓటు వేసినవారు నేడు మఱొకరికి వేయుదురు. కులమునుబట్టియో, వీధినిబట్టియో వారి రంగు నిశ్చయించి గీత గీచినవాడు ఒక్కొక్కప్పుడు తానే బోల్తాపడును. బొమ్మ సత్యమునకు త్రోవ చూపును గాని తానే సత్యము కాదు.

మన తీరమున గీసిన గీతలు

ఇక మన యింటి సంగతి. మన దేశమున లోక్‌సభ, శాసనసభల నియోజకవర్గముల ఎల్లలను శాసనసభ్యులు గీయరు. పార్లమెంటు చేసిన చట్టముచొప్పున డీలిమిటేషను కమిషను అను ప్రత్యేక సంఘము గీయును. ఇట్టి సంఘములు 1952, 1962, 1972, 2002 సంవత్సరముల చట్టములక్రింద నాలుగుమార్లు ఏర్పడినవి. కడపటిదానికి సుప్రీముకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కుల్‌దీప్ సింగుగారు అధ్యక్షులు. రాష్ట్రమునుండి అయిదుగురు లోక్‌సభ సభ్యులును, అయిదుగురు శాసనసభ్యులును సహాయసభ్యులుగా కూర్చుందురు గాని వారికి ఓటును లేదు, ఉత్తరువుపై సంతకమును లేదు. నియోజకవర్గము సాధ్యమైనంతవరకు ఒక్కచోట కూడియుండవలయుననియు, నదులు కొండలు మొదలగు సహజమైన హద్దులను, పరిపాలనపు ఎల్లలను, రాకపోకల సౌకర్యమును, ప్రజల అనుకూలతను చూడవలయుననియు చట్టము చెప్పుచున్నది. ముందు ముసాయిదా ప్రకటించి, ఆక్షేపణలను విని, బహిరంగసభలు జరిపి, తుది ఉత్తరువు నిచ్చెదరు.

ఆ విధముగా 2001 జనాభా లెక్కలనుబట్టి 2008 లో మన ఎల్లలు మాఱినవి. ఆ లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 7 కోట్ల 62 లక్షలు. శాసనసభ స్థానములు 294. భాగించి చూచినచో ఒక్కొక్క స్థానమునకు సుమారు 2 లక్షల 59 వేలమంది. ఈ తూనికలో నాటి నెల్లూరుజిల్లాకు 11 స్థానములకు మాఱుగా 10 నిలిచినవి. అల్లూరు, రాపూరు అను రెండు పాత నియోజకవర్గములు పోయినవి. నెల్లూరు పట్టణము నగరమనియు గ్రామీణమనియు రెండయ్యెను. అల్లూరు మండలము కావలిలో చేఱినది. రాపూరు వెంకటగిరిలో చేఱినది.

లోక్‌సభ గీత ఇంకను దూరము కదలినది. అంతవఱకు షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడిన నెల్లూరు స్థానము 2009 ఎన్నికలనాటికి అందఱిదయ్యెను. సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి శాసనసభ స్థానములు తిరుపతి లోక్‌సభ స్థానములో నున్నవి. నెల్లూరుకు కూతవేటు దూరమున నున్న తోటపల్లిగూడూరు వనితయు, కృష్ణపట్నము రేవుగల ముత్తుకూరు మండలపు వనితయు లోక్‌సభకు ఓటు వేయుట తిరుపతి అభ్యర్థికి. ఉత్తరమున కందుకూరువారు వేయుట నెల్లూరు అభ్యర్థికి.

ఇందు మోసము జరిగినదని నేనను మాట లేదు. జనాభా తూకము, మండలములను ముక్కలు చేయకుండుట, ప్రత్యేకింపు స్థానములను రాష్ట్రమంతట చెదరునట్లు చూచుట, ఇన్ని కట్టుబాట్ల నడుమ ఎవరు గీచినను ఎక్కడనో ఒకచోట ఇబ్బంది యుండును. అయితే మోసము లేనంతమాత్రమున ఫలితము లేకపోదు.

ఒక్క ఉదాహరణము చాలును. 1996, 1998 ఎన్నికలలో పనబాక లక్ష్మిగారు, 1999 లో ఉక్కాల రాజేశ్వరమ్మగారు, 2004 లో మరల లక్ష్మిగారు నెల్లూరునుండి లోక్‌సభకు పోయిరి. అనగా వరుసగా నాలుగు ఎన్నికలలో నెల్లూరు ఒక స్త్రీనే పంపినది. ఎల్లయు, ప్రత్యేకింపును మాఱిన 2009 నుండి 2024 వఱకు జరిగిన ఎన్నికలలో అచ్చట గెలిచినవారందఱును పురుషులే. లక్ష్మిగారు 2009 లో బాపట్ల పోయి అచ్చట గెలిచిరి. దీనికి గీత యొక్కటియే కారణమని చెప్పుట న్యాయము గాదు. కాని గీత మాఱినప్పుడు ఎవరు ఏ వాకిట నిలువగలరో కూడ మాఱునని దీనివలన తెలియుచున్నది.

పట్టపుపల్లెల ప్రశ్న

మైపాడులో ఆ సాయంకాలము యానిమేషను చూచినపిమ్మట మా వదినెగారి యింట చేపలు పోయు పట్టపుస్త్రీ ఒకతె గంప దించి మా మాటలు వినుచుండెను. "అమ్మా! మా చుక్క లెక్కడున్నాయి?" అని ఆమె అడిగినది. ఆ ప్రశ్నకు వెంటనే ఎవ్వరును బదులు చెప్పలేకపోయితిమి.

తీరమును ఉత్తరమునుండి దక్షిణమునకు చూడుడు. కావలి, కోవూరు, సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, ఈ అయిదు నియోజకవర్గములును సముద్రమును తాకుచున్నవి. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నము, తూపిలిపాళెము, పులికాటు చెఱువు అంచుపల్లెలు, ఇవి యన్నియు దారమునకు గ్రుచ్చిన పూసలవలె నీటియొడ్డున నున్నవి. మత్స్యకారుల బ్రదుకు ఈ సన్నని దారముమీదనే. నియోజకవర్గముల గీతలు మాత్రము సముద్రపుటొడ్డునుండి పడమటి పొలములలోనికి సాగి ఆ దారమును అయిదుముక్కలుగ త్రెంచుచున్నవి. ప్రతి ముక్కయందును వరిపొలములవారు, పట్టణములవారు, వ్యాపారులు కలసియున్నారు. రేవు, వల, తుపాను, చేపలవేట నిషేధకాలపు భృతి, ఇవి తీరమంతట ఒక్కటే కష్టము. కాని ఆ కష్టమును తన మొదటి కష్టముగా తలంచు నియోజకవర్గ మొక్కటియు లేదు. ఎవరును చీల్చవలెనని చీల్చకున్నను చీలిక చీలికయే.

అయితే తీరము పొడవునను సన్నని రిబ్బనువలె ఒకే నియోజకవర్గమును గీయుదమా? పటములో అది బోస్టను పత్రికవారి బల్లికంటె వికారముగ నుండును. తడనుండి కావలివఱకు ప్రతినిధి తిరుగుటకే కష్టము. అమెరికాలో ఉత్తర కరొలినా రాష్ట్రపు 12 వ నియోజకవర్గము 1992 లో ఒక రహదారివెంట ఇట్లే సాగదీయబడినది. చాలకాలముగా గెలువలేకపోయిన నల్లజాతివారికి ఒక స్థానము దక్కవలెనన్నదే దాని ఉద్దేశము. దానిమీద వ్యాజ్యములు ఏండ్లతరబడి నడచినవి. కావున గీత వంకరగా నున్నంతనే అన్యాయమనియు, చక్కగా నున్నంతనే న్యాయమనియు తలంపరాదు. మన వాకిటి రెండవ ముగ్గును జ్ఞాపకము చేసికొనుడు: అడ్డముగ గీసిన ఆ గీతలంత చక్కనివి వేఱు లేవు, అయినను పదియిండ్లవారికి ఒక్క స్థానము రాలేదు. అడుగవలసిన ప్రశ్న "గీత ఎట్లున్నది?" అని కాదు, "ఈ గీతవలన ఎవరి గొంతు వినబడును, ఎవరి గొంతు అణగును?" అని.

మన చుక్క లెక్కడ?

పట్టపుస్త్రీ అడిగిన ప్రశ్నను మనము మనకొఱకును అడుగుకొందము. ఆడవారి చుక్కలు ఎక్కడున్నవి? ప్రతి యింటను ఉన్నవి. ప్రతి గుంపునను సుమారు సగము మనమే. ముగ్గులో ఒకటి విడిచి ఒకటిగా పెట్టిన చుక్కలవంటివారము. మనలను కూరుటకును వీలులేదు, చీల్చుటకును వీలులేదు. విని సంతోషింపవచ్చును. కాని దీనికి రెండవ ప్రక్క యున్నది. గీతను ఎంత నేర్పుతో గీసినను స్త్రీలకు అనుకూలమైన నియోజకవర్గ మొకటి ఏర్పడదు. ఒక కులమువారు, ఒక వృత్తివారు ఒకచోట గుమికూడి యుండుటవలన పొందగల బలము మనకు గీతవలన రాదు. సగము మనుష్యుల మయ్యును సభలయందు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందిమే యుండుటకు కారణములు అనేకము. వానికి మందు గీతలో లేదు. అందుచేతనే స్థానములను ప్రత్యేకించుట అను వేఱు ఉపాయము కావలసివచ్చెను.

రాజ్యాంగపు 106 వ సవరణ 2023 సెప్టెంబరులో చట్టమైనది. లోక్‌సభయందును, శాసనసభలయందును మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయింపవలయునని అది చెప్పినది. మన రాష్ట్రపు 175 శాసనసభ స్థానములలో మూడవవంతన్నచో సుమారు 58. కాని అదే చట్టము ఒక ముడి కూడ వేసినది: చట్టము అమలునకు వచ్చిన తరువాత జరుగు మొదటి జనాభా లెక్కలు ముగిసి, వానినిబట్టి నియోజకవర్గముల ఎల్లలు తిరిగి గీసిన పిమ్మటనే ఈ కేటాయింపు ప్రారంభము కావలయునని. ఇదివఱకు 1976 లో 42 వ సవరణవలనను, తరువాత 84 వ సవరణవలనను స్థానముల సంఖ్య మాఱకుండ ఆపబడి యుండెను; 2026 తరువాతి జనాభా లెక్కలవఱకని ఆ గడువు. కొత్త లెక్కలకు 2027 మార్చి 1 వ తేదీని ఆధారదినముగా ప్రభుత్వము ప్రకటించినది. చూచితిరా! ఎక్కడనో ఢిల్లీలో పటములమీద గీయు గీతకును, మన ఆడబిడ్డ శాసనసభ మెట్లెక్కుటకును ముడి పడినది. "ఎల్లల వ్యవహారము మగవారి గొడవ" యని ఊరకుండుట కిక వీలులేదు.

ఒకప్పుడు మనకు ఓటే లేదు. 1921 లో మద్రాసు రాజధాని స్త్రీలకు ఓటు నిచ్చినప్పుడు కూడ ఆస్తిగలవారికే అది దక్కినది. స్వతంత్ర భారతమున మొదటి సార్వత్రిక ఎన్నికలకు పట్టికలు వ్రాయునపుడు ఉత్తరాది రాష్ట్రములలో పెక్కుమంది స్త్రీలు తమ పేరు చెప్పక "ఫలానివాని భార్యను", "ఫలానివాని తల్లిని" అని వ్రాయించిరి. అట్టి సుమారు 28 లక్షల పేర్లు పట్టికనుండి తీసివేయవలసివచ్చెను. నాడు చుక్కయే లేక పోగొట్టుకొంటిమి. నేడు చుక్క యున్నది. గీత విషయమున ఏమరియుండరాదు.

మనము చేయదగిన పని

పార్లమెంటు గీతలు దూరపు సంగతి యనుకొన్నను, పురపాలకసంఘపు వార్డుల గీతలు మన వీధిలోనివి. వీనిని ప్రత్యేక న్యాయమూర్తుల సంఘము గీయదు. రాష్ట్రప్రభుత్వమును దాని అధికారులును గీయుదురు. స్థానికరాజకీయము చేయి దూర్చుటకు అవకాశము ఇచ్చటనే ఎక్కువ. ఇచ్చటను ముసాయిదా ప్రకటింతురు, ఆక్షేపణలకు గడువిత్తురు. ఆ గడువు తఱచు కొద్దిదినములే. మునిసిపలు ఆఫీసు గోడమీద ప్రకటన అంటించిన దినమున మనము దానిని చదువకపోయినచో, ఎన్నికనాడు వగచి ప్రయోజనము లేదు. చదువునపుడు మూడు ప్రశ్నలు చాలును: మా వార్డులో ఎందఱున్నారు, ప్రక్కవార్డులో ఎందఱున్నారు? ఒకే కష్టముగల వీధిని నడుమకు కోసిరా? పాతగీతను ఎచ్చట, ఏ కారణముచే మార్చిరి?

మఱొక పని పిల్లలతో చేయదగినది. పలకమీదనో, నున్నని పీటమీదనో పైని చెప్పిన 25 చుక్కలు పెట్టుడు. గీతలకు మాఱుగా నల్లదారము పఱచుడు. సెల్‌ఫోనును ఒక డబ్బాల దొంతిమీద కదలకుండ నిలుపుడు. దారమును గోరంత జరిపి ఒక ఫోటో, మరల గోరంత జరిపి ఒక ఫోటో తీయుడు. సెకండునకు 12 చొప్పున చూపినచో 120 ఫోటోలకు పదిసెకండుల యానిమేషను తయారగును. ఫోటోలను వరుసగా కలుపు విద్య మీ పిల్లలకు మీకంటె బాగుగా తెలియును. ఒక మధ్యాహ్నపు పని. ఆ పదిసెకండులలో వారు నేర్చునది పౌరశాస్త్ర పుస్తకపు పదిపేజీలకు తీసిపోదు.

కథయో బొమ్మయో లోకమును మార్చునా యని సందేహింపకుడు. 1990 తరువాత మన జిల్లాలోనే, దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు పాఠములోని సీతమ్మ కథను చదివిరి. అది తమ కథయే యని గుర్తించిరి. సారాయంగడికి అడ్డము నిలిచిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషిద్ధమాయెను. వారికి కావలసినది పెద్ద గ్రంథము గాదు. తమ బ్రదుకును తమకు చూపిన ఒక్క చిన్న పాఠము.

మా వదినెగారు మఱునాటి వేకువను వాకిట కల్లాపి చల్లి 25 చుక్కలు పెట్టిరి. మనుమరాలు దారపుండ పట్టుకొని వచ్చినది. పట్టపుస్త్రీ గంప దించి తూరుపువైపున మఱొక వరుస చుక్కలు, అవి తమ పల్లెలని చెప్పుచు, తానే పెట్టినది. ఎండ ఎక్కువఱకు ఆ ముగ్గురును గీతలు గీయుచు, చెఱుపుచు, తమలో తాము వాదించుకొనుచు నుండిరి. పట్టపుపల్లెలకును అన్యాయము కాక, పొలములవారికిని అన్యాయము కాక కుదురు గీత వారికి దొరకలేదు. కాని ఆ గీతను వెదకువారిలో తామును ఉండవలయునని మాత్రము ఆ ముగ్గురికిని తెలిసినది.